మావటి గొంతు

ఒకటో రాత

నా పేరు గురాన తౌడు. చింతలరేవు ఫైర్ స్టేషన్‌లో అందరికంటే పెద్దవాణ్ణి. చదువు మూడో తరగతిలో ఆగిపోయింది. స్టేషన్ గోడకున్న రాతమర అందరి మాటలూ విని అక్షరాలు చేసి పెడుతుంది. పొగకు గరగరలాడే నా గొంతు మాత్రం దానికి అర్థం కాదు. ‘దయచేసి మళ్లీ చెప్పండి’ అంటుంది. చెప్పాను. మళ్లీ అంది. చివరికి తిట్టాను. తిట్టు మాత్రం తప్పు లేకుండా రాసింది. అందుకే పెన్ను పట్టాను.

రాయమన్నది డాక్టరమ్మ ఫరీదా. నెలకోసారి వచ్చి అందరి నోళ్లూ చూసి వెళుతుంది. ఎవరు దగ్గుతున్నారు, ఎవరు అన్నం తగ్గించారు, ఎవరి మాట మారింది, ఇవన్నీ రోజూ చూసే మనిషి రాసి పెట్టాలట. రోజూ చూసే మనిషిని నేనే. రిటైరయ్యాక కూడా ఇక్కడి నుంచి కదల్లేదు. కొత్తవాళ్లకు గొట్టం చుట్టడం నేర్పుతాను. టీ కాస్తాను. అవసరమున్నా లేకపోయినా కేకలేస్తాను.

ఇవాళ రాయవలసినది కొంచెమే. ఎర్రినాయుడికి జలుబు. నూకరత్నం గొంతు బొంగురుపోయింది. అది జబ్బేమీ కాదు. మా రోజుల్లో గొంతు బొంగురుపోనివాణ్ణి మంటల మనిషిగా లెక్కపెట్టేవాళ్లం కాదు. పొగ గొంతు అనేవాళ్లం దాన్ని. పొగ గొంతు వచ్చినవాడికి టీ ముందు పోసేవాళ్లం.

రెండో రాత

పొద్దున్నే బ్యాటరీ దిబ్బలు అంటుకున్నాయి. ఊరి కార్లకూ ఇళ్లకూ పనికిరాని పాత బ్యాటరీలన్నీ అక్కడే పోస్తారు. ఎండ ముదిరిందంటే వాటంతట అవే రాజుకుంటాయి. ఆ మంట మీద నీళ్లు పోసి లాభం లేదు. మండే పెట్టెలను ఒక్కొక్కటిగా ఎత్తి ఉప్పునీటి గుంటలో ముంచాలి. పూర్వం ఆ పని మేమే చేశాం, చేతులతో. ఇప్పుడు ఏనుగులు చేస్తున్నాయి.

ఏనుగంటే ఏనుగు కాదు, ఇనుప యంత్రం. తొండముంది, నాలుగు కాళ్లున్నాయి, కాబట్టి ఏనుగన్నాం. దాన్ని నడిపేవాళ్లను మావటులంటున్నాం. మంట దగ్గర తీగలు కాలిపోతాయి, బొత్తాలు కరిగిపోతాయి, అందుకని ఏనుగుకు నోటితోనే చెప్పాలి. ఒక్క మావటి గొంతే వింటుంది, ఇంకెవరు అరిచినా కదలదు. మావటి మంటకు దూరంగా గీసిన గీత అవతల, గాలి వచ్చే వైపున నిలబడి అరుస్తుంటే ఏనుగు లోపల పని చేస్తుంది.

నూకరత్నం ఏనుగు పేరు సోములు. స్టేషన్‌లో అంత చురుకైనది ఇంకొకటి లేదు. రత్నం ‘ఎడం’ అనే లోపల ఎడమకు తిరుగుతుంది. ఇవాళ మాత్రం ఆమె రెండుసార్లు చెబితే గాని తిరగలేదు. గొంతు పట్టేసిందిలే అనుకున్నాను.

తిరిగి వచ్చాక ఎవరి ఏనుగును వాళ్లు స్నానాల షెడ్డులోకి తోలుకెళ్లారు. అది మావటి సొంత వ్యవహారం. లోపలికి ఇంకెవరూ వెళ్లరు, నేనూ వెళ్లను. మంటలోంచి వచ్చిన ఏనుగుకు చెవి చెదురుతుంది. ఒంటి వేడి చల్లారక ముందే మావటి గొంతు దాని చెవిలో మళ్లీ పోయాలి. ఆలస్యమైతే మాట పట్టడానికి పూట పడుతుంది, ఈలోపల సైరన్ మోగితే బండికి ఏనుగుండదు. అందుకని కడుగుతూనే మాట్లాడతారు. ఏం మాట్లాడినా పరవాలేదు, నోరు ఆగకూడదు, అంతే. అత్తగారి మీద కోపం, మొగుడి గురక, చేపల ధర. చింతలరేవులో ఎవరింట్లో ఏం జరిగిందో పోలీసుల కంటే మా ఏనుగులకే ఎక్కువ తెలుసు.

మూడో రాత

డాక్టరమ్మ వచ్చింది. చిన్న దీపమున్న గొట్టం రత్నం గొంతులోకి పంపి చూసింది. చూడటానికి పట్టవలసిన దానికంటే ఎక్కువసేపు చూసింది. తర్వాత నన్ను కూడా లోపలికి రమ్మంది, పిల్లకు తండ్రి లేడు కాబట్టి.

గొంతులో మాట పుట్టే చోట గడ్డ ఉందట. చెడ్డదే.

దానికి రెండు దారులున్నాయని విడమరిచి చెప్పింది. రాజధానిలోని పెద్దాసుపత్రిలో గడ్డ మాత్రం గీకి తీసే మర ఉంది. త్వరగా వెళితే మాట మిగులుతుంది. కానీ అక్కడ చేర్చుకోవాలంటే ఇది డ్యూటీ వల్ల వచ్చిన జబ్బని ఆఫీసు ముద్ర వేయాలి. ముద్ర లేకపోతే జిల్లా ఆసుపత్రే గతి. అక్కడ గడ్డతోపాటు మాటపెట్టె మొత్తం తీసేస్తారు. ప్రాణం ఉంటుంది, గొంతు పోతుంది. గొంతు లేని మావటి ఉండదు.

రత్నం కళ్లనీళ్లు పెట్టుకోలేదు. ‘సోముల్ని ఎవులకి ఇచ్చీస్తారు?’ అని ఒక్కటే అడిగింది.

నాకు నమ్మకం కుదరలేదని నేను బయటికే చెప్పాను. మంటలోకి వెళ్లినవాళ్లం మేము. మాలో దగ్గి దగ్గి పోయినవాళ్లున్నారు, అది నేనెరుగుదును. వీళ్లు గీత అవతల నిలబడి కేకలేసేవాళ్లు. వీళ్లకు పొగ జబ్బు ఎలా వస్తుంది? డాక్టరమ్మ నాకేసి చూసి, ఆఫీసువాళ్లు కూడా సరిగ్గా ఈ మాటే అంటారంది. ఆ మాట నచ్చలేదు నాకు.

నాలుగో రాత

ముద్ర కోసం డాక్టరమ్మ పంపిన కాగితానికి ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. ఎర్రినాయుడు చదివి వినిపించాడు. ఏనుగులు వచ్చిన తర్వాత మనుషులెవరూ పొగలోకి వెళ్లడం లేదు, కాబట్టి ఆ తర్వాత చేరినవారికి పొగ జబ్బు అనేది వర్తించదు. ఇంటి వంట పొగ కావచ్చు, వంశంలో ఉండి ఉండవచ్చు. అభ్యంతరముంటే వచ్చే సోమవారం ఆఫీసుకు వచ్చి చెప్పుకోవచ్చు.

అక్షరం పొల్లు పోకుండా నేనన్నదే. నా మాట ఏసీ గదిలోంచి తిరిగి వచ్చి నా మొహానే తగిలింది.

వంట పొగ ఏమిటి, రత్నం ఇంట్లో పొయ్యే లేదు. ఆమె మొగుడు సూరిబాబు ఎండ పెట్టెలో అన్నం వండుతాడు. ఆ సంగతి సోములుకు కూడా తెలుసు.

అయిదో రాత

ఇది కొంచెం పెద్దగా రాస్తాను.

నిన్న మళ్లీ దిబ్బలు మండాయి. వెళ్లొద్దని డాక్టరమ్మ చెప్పినా రత్నం వెళ్లింది. సోములు ఇంకొకరి మాట వినదు కదా, ఆమె వెళ్లకపోతే ఒక ఏనుగు తక్కువ. తిరిగి వచ్చాక షెడ్డులోకి తోలింది. నేను తలుపు దగ్గరే ఉన్నాను. లోపల నుంచి ఆమె మాట వినబడుతోంది, మధ్యలో దగ్గు, మళ్లీ మాట. తర్వాత దగ్గు ఒక్కటే వినబడింది. తలుపు తీసుకుని లోపలికి వెళ్లాను. మావటి ఉండగా షెడ్డులోకి ఇంకొకరు అడుగుపెట్టడం ఇదే మొదలు.

మాకు నీళ్లు కొరత. అందుకని షెడ్డు నాలుగు వైపులా మూసి ఉంటుంది, ఆవిరి కూడా పోకుండా పట్టి మళ్లీ వాడతాం. కాలే ఇనుము మీద నీళ్లు పడుతున్నాయి. ఆవిరి తెల్లగా లేదు. తారు కాచినట్టు నల్లగా లేస్తోంది. నాలుక మీద లోహం రుచి తగిలింది. ముప్పై ఏళ్లు మంటల్లో తిరిగిన నాకు ఆ వాసన కొత్తది. ఈ రకం బ్యాటరీలు మా రోజుల్లో లేవు. ఆ ఆవిరి మధ్య ఈ పిల్ల నోరు తెరుచుకుని నిలబడి ఉంది. మాస్కు లేదు. మాస్కు పెట్టుకుంటే గొంతు మారుతుంది, ఏనుగు చెవికి తప్పు గొంతు పడుతుంది.

చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. విడిపించుకోబోయింది. ‘చెవి చల్లారిపోతాది మావా, ఒగ్గు’ అంది. ఒగ్గలేదు నేను.

బయట బల్ల మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చాను. మింగడానికి అడ్డమైందని మెడగుడ్డ విప్పి నా చేతికిచ్చింది. ఆ గుడ్డ సంగతి చెప్పాలి. మా స్టేషన్‌లో చేరినవాడికి మొదటి రోజే తెల్ల గుడ్డ చింపి మెడకు కడతాం. చేరినవాడు దాన్ని రిటైరయ్యేదాకా ఉతకడు. ఎవరి గుడ్డ ఎంత నల్లనైతే వాడంత పనిమంతుడు. నా గుడ్డకు మించిన నలుపు ఈ జిల్లాలో లేదని నా నమ్మకం. ఇప్పటికీ కట్టుకునే తిరుగుతాను.

నాదీ విప్పి, రెండూ బల్ల మీద పక్కపక్కన పరిచాను. ఎందుకు పరిచానో తెలియదు, పోల్చుకోవాలని అనిపించింది.

నాది ముదురు బూడిద రంగు. ఆమెది కాటుక.

రత్నం కూడా చూసింది. దగ్గు మధ్యలోనే నవ్వింది. ‘నీకంటే నాదే నలుపు మావా. ఓడిపోనావు.’

ఓడిపోయాను. ఆ గుడ్డ కట్టింది నేనే, ఏనుగులు వచ్చిన తర్వాత. మల్లెపువ్వులా ఉండేది. ఏనాడూ మంటలోకి వెళ్లని గుడ్డ అది. మరి ఈ నలుపంతా ఎక్కడిది?

అడగవలసిన పని లేదు. షెడ్డు తలుపు ఇంకా తెరిచే ఉంది, ఆవిరి బయటికి వస్తోంది.

ఆరో రాత

సోమవారం జిల్లా ఆఫీసుకు వెళ్లాం. నేను, రత్నం, డాక్టరమ్మ. అంతకు రెండు రోజుల ముందే డాక్టరమ్మ, ఆ గుడ్డలు విషమనీ, కాల్చేయాలనీ, కనీసం ఉడకబెట్టాలనీ అంది. సోమవారం దాకా ఎవరూ ముట్టడానికి వీల్లేదన్నాను. రెండింటినీ సీసాలో పెట్టి మూత బిగించి తెచ్చాను.

ఆఫీసరు మర్యాదస్తుడు. చల్లటి గది, మంచి కుర్చీలు. కూర్చోమన్నాడు. డాక్టరమ్మ రత్నం గొంతు ఫోటోలు చూపించింది. బాధగానే చూశాడు. తర్వాత రూలు చదివాడు. పొగలోకి మనిషి వెళ్లడు కాబట్టి అన్నాడు. అది నేను విన్నదే, నేనన్నదే. రత్నం ఏదో చెప్పబోయింది, గాలి తప్ప మాట రాలేదు.

నేను లేచి సీసా మూత తీశాను. గుడ్డలు రెండూ ఆయన బల్ల మీద పరిచాను. ఆయన కుర్చీ వెనక్కి జరిపి చేతిరుమాలు ముక్కుకు పెట్టుకున్నాడు. మంచిది. మనిషికి ముక్కుందని తెలిసింది.

‘ఒకటి నాది. ముప్పయ్యేళ్లు మంటలో తిరిగినాను. ఇంకోటి ఈ పిల్లది. ఏనుగులొచ్చినాక సేరింది, గీత దాటి నేదు. ఏది ఎవులదో సెప్పండి బాబూ.’

ఆయన చాలాసేపు చూసి, నల్లది చూపించాడు. ‘ఇది మీది.’

‘అది పిల్లది.’

అప్పుడు షెడ్డు సంగతి చెప్పాను. ఒళ్లు వేడిగా ఉండగానే కడగడం, నోరు తెరిచి మాట్లాడుతూ కడగడం, మాస్కు ఎందుకు కుదరదో, అన్నీ. నా గొంతుతో అంతసేపు మాట్లాడి చాలా కాలమైంది. మధ్యలో రెండుసార్లు నీళ్లు తాగాను. ఆఫీసరు రాసుకున్నాడు. షెడ్డులో ఆవిరి లెక్క ఏనాడైనా తీశారా అని పక్కనున్న గుమాస్తాను అడిగాడు. మంట ఆరిపోయాక లెక్క తీయం సార్ అన్నాడతను.

అయినా ఆఫీసరు ఆఫీసరే. ఒక మడత పేచీ వెతికాడు. ‘ఈ గుడ్డలు ఉతకవద్దని మేం చెప్పలేదు కదండీ. అది మీ ఆచారం. మెడకు విషం కట్టుకుని తిరిగింది మీరు. దానికి డిపార్ట్‌మెంటు ఏం చేస్తుంది?’

మాటలో న్యాయం లేకపోలేదు. కాదనను. నేను కట్టిన గుడ్డే.

‘గుడ్డ మాది బాబూ,’ అన్నాను. ‘మసి డ్యూటీది.’

ఆయన పెన్ను కింద పెట్టాడు. గుడ్డ ముక్క కత్తిరించి పరీక్షకు పంపాలని డాక్టరమ్మ అడిగింది. మా గుడ్డకు కత్తెర తగలకూడదు, అదొక నియమం. నేను తటపటాయిస్తుండగానే రత్నం గుమాస్తా బల్ల మీది కత్తెర తీసుకుని తన గుడ్డ మధ్యకు కత్తిరించి సగం డాక్టరమ్మకు ఇచ్చింది.

ఏడో రాత

గుడ్డ పరీక్ష ఫలితం వచ్చింది. ముద్ర పడింది. పడటానికి పట్టవలసిన దానికంటే ఎక్కువ రోజులే పట్టింది. ఈలోపల గడ్డ ఆగలేదు. రత్నాన్ని సూరిబాబు రాజధానికి తీసుకెళ్లాడు. మాట ఎంత మిగులుతుందో ముందుగా చెప్పలేమన్నారట.

ఆర్డరులో ఇంకా ఉన్నాయి. షెడ్డుకు కిటికీలు. కడిగేటప్పుడు అందరికీ మాస్కు, నోరు మూత. ఏనుగుకు గొంతు పోయడం మర్నాడు పొద్దున, ఆరుబయట, ఒళ్లు చల్లారాక. ఆ పూట సైరన్ మోగితే పక్క స్టేషన్ బండి వస్తుంది. మెడగుడ్డలు రోజూ ఉడకబెట్టాలి. ఎర్రినాయుడు గొణిగాడు. ‘తెల్ల గుడ్డ కట్టుకుంటే మంగలి షాపులో కూసున్నట్టుంటాది’ అన్నాడు. అయితే గెడ్డం చేయించుకో అన్నాను. గుడ్డలు ఉడకబెట్టే పని నేనే తీసుకున్నాను. ముందు నాదే వేశాను. నీళ్లు ఎన్నిసార్లు మార్చినా నల్లగానే వచ్చాయి. చివరికి గుడ్డ చిరిగిపోయింది. మసి పట్టుకుని ఉందే తప్ప నూలెప్పుడో పోయినట్టుంది.

సోములు షెడ్డు పక్కన కూర్చునే ఉంది. ఎవరి మాటా వినదు. మొన్న మంటకు ఒక ఏనుగు తక్కువతోనే వెళ్లారు.

ఎనిమిదో రాత

రత్నం వచ్చింది. మెడ మీద సన్నటి కుట్టు ఉంది. మాట మిగిలింది. కానీ పాత మాట కాదు. రంపం తడి కర్ర మీద ఆడినట్టుంది. నొప్పి లేదంది, అన్నం బాగానే మింగుతోంది. గడ్డ మొత్తం పోయిందని డాక్టరమ్మ చెప్పింది, ఏడాదిపాటు చూస్తూ ఉండాలి.

పొద్దున్నే ఆవరణలో సోములు ముందు నిలబడింది. ‘లెగు సోములూ’ అంది. కదల్లేదు. దానికి తెలిసిన రత్నం ఈ రత్నం కాదు.

అప్పటి నుంచి రోజూ పొద్దున్నే మాట్లాడుతోంది. ఆసుపత్రి ముచ్చట్లు, నర్సుల గొడవలు, సూరిబాబు అక్కడ రైలు తప్పిపోయిన కథ. మాట ఆగిపోతే నీళ్లు తాగుతుంది, మళ్లీ మొదలుపెడుతుంది. చల్లారిన చెవికి గొంతు నిదానంగా పడుతుందని తెలుసు గాని ఇంత నిదానమని తెలియదు. నేను బోర్లించిన బకెట్ మీద కూర్చుని వింటాను. సెలవు నుంచి వచ్చిన మావటి తన ఏనుగును మళ్లీ నడిపి చూపాలి, ఈ వారంతో ఆ పరీక్ష గడువు అయిపోతుంది. అప్పటికీ సోములు లేవకపోతే దాని చెవి పూర్తిగా చెరిపి ఇంకొకరి గొంతు పోస్తారు. రత్నాన్ని ఆఫీసు పనిలో వేస్తారు.

ఇవాళ ఆమె నీళ్ల కోసం లోపలికి వెళ్లింది. నాకు ఏనుగు మీద కోపం వచ్చింది. ఇనుముకు కూడా పొగరేమిటి?

‘ఒరే సోములూ, లెగరా. పిల్లని ఏడిపించకు’ అన్నాను.

లేచింది. నాలుగు కాళ్ల మీద నిలబడి తొండం ఎత్తి నాకేసి తిప్పింది.

రత్నం గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. నేను బకెట్ మీది నుంచి లేచాను. ఏనుగు నా మాట వినడం నా జీవితంలో ఇదే మొదటిసారి. ఒక్క క్షణం గర్వం కూడా కలిగింది, అబద్ధమెందుకు.

ఆమె దగ్గరికి వచ్చి ‘కూసో’ అంది. కూర్చుంది. ‘లెగు.’ లేచింది. ఎడం అంది, తిరిగింది. ఆమె గొంతు దానికి పట్టింది. ఆమె కొత్త గొంతు, నా పొగ గొంతు, రెండూ దానికి ఒకటే.

రత్నం మొదట నవ్వింది. భుజాలు కదిలాయి గాని శబ్దం రాలేదు. తర్వాత నవ్వు ఆగింది.

‘నీకెన్నేళ్లు మావా?’

డెబ్భై దాటాయన్నాను.

‘నాకు ఇరవయ్యెనిమిది’ అంది.

సోములు తొండం ఇంకా మా ఇద్దరి మధ్యే ఆడుతోంది, ఎవరు చెబుతారా అన్నట్టు. రత్నం గ్లాసులో నీళ్లు పూర్తిగా తాగి గ్లాసు నా చేతికిచ్చింది.

‘మావా, ఇంక ఏనుగుల కాడ నువ్వు మాటాడకూడదు. మంటలో ఉన్నప్పుడు నువ్వు ఎవుల మీదో కేకేస్తే, అది నానే అనీసుకుంటాది. అటు తిరిగిపోతాది.’

పనిమంతురాలు. సరిగ్గానే ఆలోచించింది. ఈ ఆవరణలో నేను అరవని రోజు లేదు. కొత్తవాళ్లకు నేర్పింది అరిచే నేర్పాను.

సరేనని తల ఊపాను. నోటితో చెప్పలేదు.